పేరుకు పది శాతం

"షానెల్ కంపెనీ షేర్లు ఎట్లా కొనాలో కాస్త చూసి చెప్పమ్మా, ఫ్రాన్సు సంగతులు నీకు తెలుసు కదా" అని మా వదిన ఫోన్ చేసింది. ఇరవై ఏళ్లుగా ఉద్యోగం చేస్తున్న మనిషి. ఇల్లు అన్నయ్య పేరు మీద ఉంది, ఇంటి అప్పు ఇద్దరి జీతాల మీద ఉంది. మొదటిసారి తన డబ్బుతో, తన పేరు మీద, ఎవర్నీ అడక్కుండా ఏదైనా కొనుక్కోవాలనుకుంది. రిజర్వ్ బ్యాంకు 2004లో ఏడాదికి 25 వేల డాలర్ల పరిమితితో మొదలుపెట్టిన పథకం కింద ఇప్పుడు మన దేశంలో ఉండేవాళ్లెవరైనా ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా బయటికి పంపి అక్కడి షేర్లు కొనుక్కోవచ్చు. ఆ సంగతి ఆమెకు నాకంటే బాగా తెలుసు. "ఆ హ్యాండ్‌బ్యాగ్ కొనే తాహతు ఎలాగూ లేదు, కనీసం అది అమ్మే కంపెనీలో ఒక ముక్కైనా నాదనిపించుకుంటాను" అని నవ్వింది.

చూశాను. దొరకదు. ఎల్‌వీఎంహెచ్, ఎర్మెస్, కెరింగ్ ప్యారిస్ ఎక్స్ఛేంజీలో ఉన్నాయి. డబ్బున్నవాళ్లెవరైనా కొనుక్కోవచ్చు. షానెల్ మాత్రం మార్కెట్లో లేదు. ఆ కంపెనీ మొత్తం అలాన్, జెరార్ వెర్ట్‌హైమర్ అనే అన్నదమ్ముల కుటుంబానిది. తన జమాఖర్చుల వివరాలు ఆ సంస్థ మొదటిసారి ప్రపంచానికి చెప్పింది 2018లో. అంతకు ముందు ఏడాది అమ్మకాలు 962 కోట్ల డాలర్లు. 2022 నుంచి ఆ సంస్థకు ముఖ్య కార్యనిర్వాహకురాలు మన కొల్హాపూర్‌లో పుట్టిన లీనా నాయర్. ఆమె కూడా జీతానికి పనిచేసే మనిషే, యజమాని కాదు.

"అదేంటి, మరి ఆవిడ వాళ్లెవరూ లేరా? పేరు ఆవిడదే కదా" అంది వదిన.

జవాబు చెప్పబోయి ఆగిపోయాను. ఎందుకంటే ఆ ప్రశ్నకు పదేళ్ల కిందట నేనొక జవాబు రాసి ఉన్నాను. స్త్రీల దుస్తులు, ఆధునికత అన్న అంశం మీద నా పిహెచ్‌డి సిద్ధాంత గ్రంథంలో షానెల్ గురించి ఒకటిన్నర పేజీ ఉంది. కార్సెట్ నుంచి ఒంటిని విడిపించిన స్త్రీ, తన పేరును మగవాళ్ల పెట్టుబడికి పోగొట్టుకున్న స్త్రీ అని రాశాను. వైవాలో ఒక ప్రొఫెసర్ ఆ పేజీని ప్రత్యేకంగా మెచ్చుకున్నారు కూడా. అందులో రాసినవి అబద్ధాలు కావు. రాయకుండా వదిలేసినవి ఉన్నాయి.

ముందు రాసిన సంగతులతోనే మొదలుపెడతాను.

గాబ్రియెల్ షానెల్ 1883లో ఫ్రాన్సులోని సోమ్యూర్ పట్టణంలో పుట్టింది. తండ్రి ఊరూరా తిరిగి సరుకులమ్మేవాడు. తల్లి 1895లో చనిపోయాక తండ్రి ఆడపిల్లల్ని ఓబజీన్‌లో సన్యాసినుల అనాథాశ్రమంలో వదిలేసి వెళ్లిపోయాడు. కుట్టుపని అక్కడే నేర్చుకుంది. మూలాఁ పట్టణంలో సైనికులు వచ్చే కాఫీ హోటళ్లలో పాటలు పాడింది. 'కోకో' అన్న పేరు అక్కడిదే. 1910లో ప్యారిస్ కాంబోన్ వీధిలో టోపీల దుకాణం పెట్టింది. పెట్టుబడి ఆమె ప్రేమించిన ఇంగ్లీషువాడు ఆర్థర్ కేపెల్ ది.

ఈ పెట్టుబడికి సంబంధించి ఒక సంగతి ఆమె 1946లో రచయిత పాల్ మొరాన్‌తో చెప్పింది. ఆ సంభాషణలు ఆమె చనిపోయాక 1976లో పుస్తకంగా వచ్చాయి. బ్యాంకు తనకు డబ్బిస్తున్నదంటే అది తన సంపాదనే అని ఆమె అనుకునేదట. బ్యాంకు ఇస్తున్నది తాను పూచీగా ఉండబట్టేనని ఒక రాత్రి కేపెల్ చెప్పాడట. ఆ రాత్రి ఆమెకు అన్నం సయించలేదు. మర్నాడు దుకాణానికి వెళ్లి, ఇకమీద తన అనుమతి లేకుండా ఒక్క పైసా ఖర్చు పెట్టడానికి వీల్లేదని చెప్పింది. తర్వాత కేపెల్ డబ్బంతా తీర్చేసింది. తన జీవితం గురించి ఆమె చెప్పినవాటిలో కల్పనలు చాలా ఉన్నాయని జీవితచరిత్రకారులందరూ అంటారు. ఇది కూడా కొంత కల్పనే కావచ్చు. కానీ ఈ కల్పనలో ఒక నిజం ఉంది. తాను సంపాదించానని నమ్మిన డబ్బు వెనక మరొకరి సంతకం ఉందని తెలిసినప్పుడు కలిగే అవమానం అది. ఉద్యోగం చేస్తూ కూడా చెక్‌బుక్ చేతిలో లేని ఆడవాళ్లు మన తల్లుల తరంలో ఎంతమందో!

ఆమె పెళ్లి చేసుకోలేదు. దాన్ని ప్రేమకథల లెక్కలో చెప్పడమే అలవాటు. చట్టం లెక్కలో చూస్తే వేరే అర్థం వస్తుంది. నెపోలియన్ కాలపు ఫ్రెంచి పౌరస్మృతి ప్రకారం పెళ్లయిన స్త్రీ మైనరుతో సమానం. 1907లో తన జీతాన్ని తాను ఖర్చు పెట్టుకునే హక్కు వచ్చింది. చట్టరీత్యా ఆమె అసమర్థురాలన్న నిబంధన 1938 దాకా పోలేదు. భర్త సమ్మతి లేకుండా ఉద్యోగం చేసే హక్కు, బ్యాంకు ఖాతా తెరిచే హక్కు 1965 చట్టంతో వచ్చాయి. ఓటు హక్కు 1944లో. ప్యారిస్ స్టాక్ ఎక్స్ఛేంజి భవనంలో క్రయవిక్రయాలు జరిగే చోటికి స్త్రీలను రానివ్వడం 1967లో మొదలైంది. అంటే షానెల్ కంపెనీ కాగితాల మీద తన సంతకం తానే పెట్టగలిగింది అంటే, పెళ్లి కాకపోవడం వల్ల పెట్టగలిగింది. పెళ్లయిన ఆమె తోటివాళ్లు చాలామందికి ఆ సంతకానికి ముందు మరో సంతకం కావాల్సి ఉండేది.

1921లో నంబర్ 5 అత్తరు వచ్చింది. తయారుచేసింది ఎర్నెస్ట్ బో. విప్లవానికి ముందు మాస్కోలో రాలే కంపెనీలో పనిచేసిన సుగంధ నిపుణుడు. మొదట దీన్ని ఆమె తన దుకాణాల్లోనే అమ్మేది. గిరాకీ ఎక్కువైంది. అత్తరు తయారీ గౌను కుట్టడం లాంటిది కాదు. గ్రాస్ ప్రాంతంలో మల్లెజాతి పూలు టన్నుల లెక్కన కొనాలి, ఫ్యాక్టరీ కావాలి, దేశదేశాలకు పంపే ఏర్పాటు కావాలి. గాలరీ లాఫాయెత్ అనే పెద్ద దుకాణం స్థాపకుడు తెయోఫిల్ బాదెర్ ఆమెను లాంగ్‌షామ్ గుర్రప్పందేల దగ్గర పియెర్ వెర్ట్‌హైమర్‌కు పరిచయం చేశాడు. పియెర్, ఆయన అన్న పాల్ కలిసి నడిపే సౌందర్య సాధనాల కంపెనీ పేరు 'బూర్జువా'. ఒక పాత యజమాని ఇంటిపేరు అది, అక్షరాలు వేరు, ఉచ్చారణ మాత్రం మనకు తెలిసిన బూర్జువాదే. మన మార్క్సిస్టు మిత్రులు నవ్వుకుంటే నా తప్పు కాదు.

1924లో 'పర్ఫ్యూమ్ షానెల్' అని కొత్త కంపెనీ పుట్టింది. వాటాలు ఇలా ఉన్నాయి. వెర్ట్‌హైమర్ సోదరులకు 70 శాతం, బాదెర్‌కు 20 శాతం, గాబ్రియెల్ షానెల్‌కు 10 శాతం. బట్టల వ్యాపారం దీనితో సంబంధం లేకుండా పూర్తిగా ఆమెదే.

డబ్బు, ఫ్యాక్టరీ పెట్టినవాళ్లకు 70. సరే. పరిచయం చేసి, తన దుకాణంలో అమ్మిపెట్టే మధ్యవర్తికి 20. సీసా మీద ఉన్న పేరుకు 10. ఆ మధ్య అంకె దగ్గర నేను ఎన్నిసార్లు ఆగానో. ఇద్దరు మగవాళ్లను ఒకచోట కూర్చోబెట్టిన పనికి, ఆ ఇద్దరూ దేనికోసం కూర్చున్నారో దానికంటే రెట్టింపు వెల! ఇదే బాదెర్ 1923లో మదెలీన్ వియొనె బట్టల సంస్థకు కూడా పెట్టుబడిదారుల్లో ఒకడు. వియొనె పదకొండు పన్నెండేళ్ల వయసులోనే సూది పట్టిన మనిషి. తన పనివాళ్లకు భోజనశాల, వైద్యుడు, జీతంతో సెలవులు ఏర్పాటు చేసింది. తన డిజైన్లు దొంగిలిస్తున్నారని బట్టల లేబుల్ మీద తన బొటనవేలి ముద్ర వేసేది. 1939లో ఆ సంస్థ మూతపడింది. ఆమె గురించి మన దగ్గర ఎవరూ మాట్లాడుకోరు, నా గ్రంథంలో కూడా ఆమెకు ఒక వాక్యం ఉంది, అంతే.

షానెల్ ఆ పత్రం మీద ఎందుకు సంతకం పెట్టింది? అత్తరును ఆమె అప్పట్లో తన అసలు పనికి అనుబంధంగానే చూసింది. తన బట్టల సంస్థలోకి వాళ్లు చేయి పెట్టకుండా ఉంటే చాలనుకుంది. సరిగ్గా అక్కడే లెక్క తప్పింది. నంబర్ 5 బట్టల్ని మించిపోయింది. గౌను ఒకరు వేసుకుంటే ఒకరిదే, అత్తరు సీసా లక్షలమందికి అమ్మొచ్చు. పదేళ్లు తిరక్కుండానే తాను మోసపోయానని ఆమె నమ్మడం మొదలుపెట్టింది. రెనే ద షాంబ్రన్ అనే వకీలును పెట్టుకుంది. దావా తర్వాత దావా. వెర్ట్‌హైమర్‌లు ఆమె దావాలు చూసుకోవడానికే ఒక వకీలును నియమించుకున్నారని చెబుతారు.

నా సిద్ధాంత గ్రంథం ఇక్కడ ఆగిపోయింది. పురుష పెట్టుబడి, స్త్రీ పేరు, పది శాతం. తర్వాత ఒక్క గెంతులో 1954కు వెళ్లి, డెబ్బై ఏళ్ల వయసులో ఆమె తిరిగిరావడం గురించి రాశాను. మధ్యలో ఉన్నవి రెండు సంగతులు, 1936, 1941.

1936 జూన్‌లో పాపులర్ ఫ్రంట్ ప్రభుత్వం వచ్చాక ఫ్రాన్సంతటా కార్మికులు ఫ్యాక్టరీల్లో బైఠాయించారు. కాంబోన్ వీధిలో షానెల్ దగ్గర కుట్టేవాళ్లు కూడా సమ్మెకు దిగారు. ఉన్నత స్థాయిలో ఉన్నప్పుడు ఆమె దగ్గర పనిచేసినవాళ్లు నాలుగు వేలమంది దాకా ఉంటారని అంచనా. అందరూ దాదాపు ఆడవాళ్లే. ఫ్రెంచిలో వీళ్లను 'చిన్న చేతులు' అంటారు. దారంతో, పూసతో, వేలి చివర్లతో చేసే పని. ఆ రోజు యజమానురాలు వస్తే లోపలికి రానివ్వలేదు. తన పేరు రాసి ఉన్న తలుపు ముందు ఆమె బయట నిలబడింది. ఆమెకు పట్టరాని కోపం వచ్చింది. కొందరిని తీసేసింది, చివరికి దిగివచ్చింది. వారానికి నలభై గంటల పని, ఏడాదికి రెండు వారాలు జీతంతో సెలవు ఆ వేసవిలోనే ఫ్రాన్సులో చట్టమయ్యాయి. మూడేళ్లకు, 1939లో యుద్ధం ప్రకటించగానే, బట్టల విభాగం మూసేసి వాళ్లందరినీ ఇంటికి పంపింది. యుద్ధకాలంలో ఫ్యాషనేమిటి అన్నది ఆమె చెప్పిన కారణం. ఆ సమ్మెకు ఇది ప్రతీకారమని అప్పుడూ అనుకున్నారు, ఇప్పుడూ అంటారు. తోటి ఫ్యాషన్ సంస్థలు చాలావరకు తెరిచే ఉన్నాయన్నది మాత్రం నిజం.

ఆ 70, 20, 10 లెక్కలో ఈ ఆడవాళ్ల అంకె ఏది? పది శాతానికి అన్యాయం జరిగిందని నేను రాసినప్పుడు ఆ ప్రశ్న నాకు తట్టకపోవడం ఇప్పుడు వింతగా ఉంది. అత్తరు కంపెనీ దగ్గర ఆమెది పదోవంతు మాత్రమే కావచ్చు. కాంబోన్ వీధిలో మాత్రం నూటికి నూరు. అక్కడ యజమాని ఆమే, అక్కడ ఆమె చేసిన పని యజమానులు చేసే పనే. స్త్రీ యజమాని అయితే పని పరిస్థితులు మారతాయని మనం ఒకప్పుడు చాలా తేలిగ్గా అనేవాళ్లం. వియొనె దగ్గర కొంత మారాయి. షానెల్ దగ్గర మారలేదు. తేడా ఆడమగలది కాదన్నమాట.

ఇక 1941.

వెర్ట్‌హైమర్‌లు యూదులు. 1940లో జర్మన్లు ఫ్రాన్సులోకి వచ్చేలోపే బయటపడి, బ్రెజిల్ మీదుగా న్యూయార్క్ చేరారు. వెళ్లేముందు ఒక జాగ్రత్త తీసుకున్నారు. ఫెలిక్స్ అమియో అనే విమానాల తయారీదారు వాళ్లకు పాత వ్యాపార భాగస్వామి. ఆయన యూదుడు కాదు. అత్తరు కంపెనీలో తమ వాటాలు ఆయన పేరు మీదికి మార్చారు. మన భాషలో చెప్పాలంటే బినామీ. కాకపోతే మన దగ్గర బినామీ చట్టాన్ని తప్పించుకోవడానికి, అక్కడ చట్టమే దొంగ కాబట్టి. ఆక్రమిత ప్రాంతంలో జర్మన్ ఉత్తర్వులు, తర్వాత విషీ ప్రభుత్వ చట్టాలు యూదుల ఆస్తులను 'ఆర్యుల' చేతుల్లోకి మార్చడం మొదలుపెట్టాయి. ప్రతి యూదు వ్యాపారం మీదా ఒక తాత్కాలిక నిర్వాహకుడు, వాటాలు ఎవరికి అమ్మాలో అతని ఇష్టం. వేలాది చిన్నచిన్న దుకాణాలు, దర్జీ కొట్లు ఇలాగే చేతులు మారాయి. కొన్నవాళ్లలో పక్కింటివాళ్లున్నారు, పోటీ వ్యాపారులున్నారు, నిన్నటిదాకా ఆ దుకాణంలోనే పనిచేసినవాళ్లున్నారు.

1941 మే 5న గాబ్రియెల్ షానెల్ యూదుల ఆస్తుల వ్యవహారం చూసే అధికారికి ఒక లేఖ రాసింది. ఆ కంపెనీ ఇంకా యూదుల ఆస్తిగానే ఉందని, యజమానులు దాన్ని వదిలేసి పోయారని, కాబట్టి దాని మీద అందరికంటే ముందు హక్కు తనదని అందులో సారాంశం. పదిహేడేళ్లుగా తనకు జరిగిన నష్టాన్ని కొంతైనా సరిచేసుకోవడానికి ఇది అవకాశమని కూడా రాసింది. ఆ లేఖ దొరికింది, ప్రచురితమైంది, దాని గురించి సందేహం లేదు.

మొదటిసారి చదివినప్పుడు నన్ను కలవరపెట్టింది యూదుల గురించిన మాట మాత్రమే కాదు. అటువంటి మాటలు ఆమె నోట చాలాసార్లు విన్నామని ఎరిగినవాళ్లు చెప్పారు. 'పదిహేడేళ్ల నష్టం' అన్నది నన్ను పట్టుకుంది. అది అచ్చం నా వాక్యంలాగే ఉంది. నా గ్రంథంలో నేను చేసిన వాదనే అది. స్త్రీ శ్రమకూ సృజనకూ పెట్టుబడి కట్టిన విలువ అన్యాయం, దాన్ని సరిదిద్దాలి. ఆ వాదన ఆమె చేతిలో ఎక్కడికి వెళ్లిందో చూడండి. నాలుగేళ్లలో ఫ్రాన్సు నుంచి సుమారు 76 వేలమంది యూదుల్ని రైళ్లకెక్కించి చంపడానికి పంపిన యంత్రాంగం బల్ల మీదికి ఒక దరఖాస్తుగా వెళ్లింది. ఆమెకు జరిగిన అన్యాయం నిజమే కావచ్చు. న్యాయం అడిగిన చోటు అది.

ఆమెను సమర్థించేవాళ్లు చెప్పేవి నాకు తెలుసు. ఒంటరి స్త్రీ, ఆక్రమణ కాలం, బతకాలి కదా అంటారు. ఆమె ఆకలితో ఉన్న మనిషి కాదు. రిట్జ్ హోటల్లో ఉంది, జర్మన్ అధికారి ఫాన్ డింక్‌లాగతో సహజీవనం చేసింది. జర్మన్ ఖైదులో ఉన్న మేనల్లుణ్ణి విడిపించుకోవాలనుకోవడం నిజమే, ఆ బాధను కాదనను. ఆమెకు జర్మన్ సైనిక గూఢచారి విభాగంలో ఏజెంటు నంబరు, సంకేతనామం ఉన్నాయని చూపించే పత్రాలను 2011లో హాల్ వాన్ పుస్తకం చర్చకు పెట్టింది. ఆమె నిజంగా ఎంత పని చేసిందన్న దాని మీద వాదోపవాదాలు నడుస్తాయి. నాకు ఆ గూఢచారి కథ మీద పెద్ద ఆసక్తి లేదు. సినిమా వాళ్లకు ఉంటుంది. వాటాల లేఖ అంతకంటే మామూలు విషయం, అందుకే అంతకంటే భయపెడుతుంది. ఒక వ్యాపార భాగస్వామి, ఒక పాత కక్ష, ఒక కొత్త చట్టం. మన దేశంలో కూడా ఊళ్లు తగలబడినప్పుడు, మనుషులు పారిపోయినప్పుడు, వాళ్ల దుకాణాల తాళాలు ఎవరి చేతికి వెళ్లాయో చూస్తే ఇలాంటి దరఖాస్తులే కనిపిస్తాయి.

ఆమె లేఖ ఫలించలేదు. అమియోకు అమ్మకం ముందే జరిగిపోయింది కాబట్టి, కంపెనీ 'ఆర్య' చేతుల్లోనే ఉందని చివరికి అధికారులు ఒప్పుకున్నారు. అమియో కూడా పులుకడిగిన ముత్యమేమీ కాదు, ఆయన ఫ్యాక్టరీలు జర్మన్లకు విమానాలు తయారుచేశాయి. కానీ యుద్ధమయ్యాక వాటాలు వెర్ట్‌హైమర్‌లకు తిరిగి ఇచ్చేశాడు. ఈలోగా వాళ్లు గ్రెగరీ థామస్ అనే అమెరికన్‌ను రహస్యంగా ఫ్రాన్సుకు పంపి గ్రాస్ మల్లెల సరుకు తెప్పించుకుని, న్యూయార్క్ పక్కనే న్యూజెర్సీలోని హొబోకెన్‌లో నంబర్ 5 తయారుచేశారు. 1944లో ప్యారిస్ విముక్తి అయినప్పుడు అమెరికన్ సైనికులు కాంబోన్ వీధిలో షానెల్ దుకాణం ముందు బారులు తీరారు, ఇళ్లకు ఆ సీసా తీసుకెళ్లడానికి. అంతకు ముందు అదే చోట జర్మన్ సైనికులు బారులు తీరేవారు.

ఆ సెప్టెంబరులో ఆమెను అరెస్టు చేసి కొన్ని గంటల్లోనే వదిలేశారు. ఆమె స్విట్జర్లాండు వెళ్లిపోయింది. అదే వేసవిలో జర్మన్లతో పడుకున్నారని వేలమంది ఫ్రెంచి ఆడవాళ్లకు నడిబజారులో గుండు గీశారు. వాళ్లలో చాకలిపని చేసేవాళ్లు, హోటళ్లలో పనిచేసేవాళ్లు, ఏ పలుకుబడీ లేనివాళ్లు ఎక్కువ. ఆ శిక్ష ఆడవాళ్ల ఒంటిమీద మగవాళ్లు తీర్చుకున్న కసి అని స్త్రీవాద చరిత్రకారులు రాశారు, సరిగ్గా రాశారు. షానెల్‌కు గుండు గీసి ఉంటే బాగుండేదని నేననను. ఆ శిక్ష ఎవరికీ పడకూడనిది. అది ఎవరి తల మీద పడిందో, ఎవరి తలను తాకకుండా పోయిందో గమనిస్తున్నాను, అంతే.

తర్వాతి కథ వ్యాపారం కథ. స్విట్జర్లాండులో ఆమె తన పేరుతో వేరే అత్తర్లు తయారుచేయించి, వెర్ట్‌హైమర్‌లను బెదిరించింది. కోర్టులో పాత విషయాలన్నీ బయటికొస్తే సీసా మీద ఉన్న పేరుకే మచ్చ. అంటే వాళ్ల సరుకుకే నష్టం. 1947లో రాజీ కుదిరింది. ప్రపంచమంతటా షానెల్ అత్తర్ల అమ్మకాల మీద ఆమెకు 2 శాతం. చూడ్డానికి పది కంటే రెండు తక్కువ. కానీ పది లాభంలో వాటా, రెండు మొత్తం అమ్మకాల్లో వాటా. దాంతో ఆమె ప్రపంచంలో బాగా డబ్బున్న స్త్రీలలో ఒకరైంది. ఏ భాగస్వాముల ఆస్తిని లాక్కోవాలనుకుందో వాళ్లే ఈ డబ్బు ఇచ్చారు.

1954 ఫిబ్రవరి 5న డెబ్బై ఏళ్ల వయసులో ఆమె మళ్లీ బట్టలు ప్రదర్శించింది. ఫ్రెంచి పత్రికలు ఎగతాళి చేశాయి, అమెరికావాళ్లు ఎగబడి కొన్నారు. ఖర్చు భరించింది పియెర్ వెర్ట్‌హైమర్. ఆ ఏడాదే ఆయన బాదెర్ పక్షం చేతిలో ఉన్న 20 శాతం కొన్నాడు, ఆమె బట్టల సంస్థను కూడా కొన్నాడు. బదులుగా ఆమె జీవితాంతం ఇల్లు, ఖర్చులు, పన్నులు అన్నీ కంపెనీవే. 1924లో లోపలికి రానివ్వనని ఆమె గీసిన గీత అలా చెరిగిపోయింది. 1971 జనవరి 10న రిట్జ్ హోటల్లో చనిపోయేనాటికి ప్రపంచంలో ఏ దుకాణం మీదైనా ఉన్న 'షానెల్' అన్న పేరు ఆమె సొత్తు కాదు.

వెర్ట్‌హైమర్ ఎందుకు అలా చేశాడు? ప్రేమ అన్నవాళ్లున్నారు, స్త్రీ గురించి రాసేటప్పుడు వ్యాపార నిర్ణయానికి కూడా ప్రేమే కారణమవుతుంది కదా! వాళ్లకు అత్తరు అమ్ముడుపోవాలి. అత్తరు అమ్ముడుపోవాలంటే ఆ పేరు గల మనిషి బతికి, పనిచేస్తూ, మాట్లాడుతూ కనబడాలి. ఆయన చేసిన లెక్క సరైనదని 962 కోట్ల డాలర్లు చెబుతున్నాయి.

షేరు అన్న మాటకు తెలుగులో 'వాటా' అంటాం. ఆ మాట మన ఇళ్లలో మొదట వినిపించేది పొలాల పంపకాల దగ్గర. ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచి ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా చట్టం ఇచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. పసుపు కుంకుమల కింద ఏదో ఇచ్చి సరిపెట్టే రోజులు పోయాయని ఆ చట్టాల కోసం మన ముందుతరం రాసింది, తిరిగింది. వాటా అడగడం మనకు సిగ్గు కాదు. నేనెప్పుడూ అడిగేవాళ్ల పక్షమే. అందుకే షానెల్ పది శాతం నాకు అంత తేలిగ్గా నచ్చేసింది. ఆ వాటాను ఆమె ఎవరి నుంచి, ఏ చట్టం పేరు చెప్పి అడిగిందో చూడాల్సిన పని నాదే, అది చెయ్యలేదు. పుస్తకాలు దొరకలేదని చెప్పలేను. ఆ లేఖ ప్రస్తావన నేను చదివిన ఒక జీవితచరిత్రలోనే ఉంది. పెన్సిల్‌తో గీత గీసి కూడా పెట్టుకున్నాను. వాదనకు అడ్డొస్తుందని పక్కన పెట్టాను.

వదినకు ఇవన్నీ ఫోన్లో చెప్పాను, గంట పట్టింది. "అబ్బ, ఇంత ఉందా" అంది. కాసేపాగి, "మరి నేనేం కొనాలి?" అంది. మార్కెట్లో ఉన్నవాటి పేర్లు చెప్పాను. ఎర్మెస్ సంగతి కూడా చెప్పాను. 2010లో ఎల్‌వీఎంహెచ్ చడీచప్పుడు లేకుండా అందులో వాటాలు పోగేసిందని బయటపడి, ఆ కుటుంబం తమ షేర్లన్నీ ఒకచోట కట్టగట్టుకుని తలుపులు వేసుకుంది. 2013లో ఎల్‌వీఎంహెచ్‌కు 80 లక్షల యూరోల జరిమానా పడింది. "ఇదీ మన పెద్దనాన్న వాళ్ల పొలం గొడవలాగే ఉందే" అని నవ్వింది వదిన. ఒక్కో షేరు ధర చూసి కాసేపు మాట్లాడలేదు. ఆలోచించుకుని చెబుతానంది.

నా సిద్ధాంత గ్రంథం ఇప్పుడు పుస్తకంగా వేయాలని ఒక ప్రచురణకర్త అడుగుతున్నారు. ఆ ఒకటిన్నర పేజీ తీసేద్దామని ముందు అనుకున్నాను. తీసేస్తే ఆమె గురించి నేనెప్పుడూ ఏమీ రాయనట్టే ఉంటుంది, అదీ ఒక వదిలెయ్యడమే. పాత వాక్యాలు అలాగే ఉంచి, వాటి కింద 1936, 1941 చేర్చి రాస్తున్నాను. ప్రస్తుతానికి అది పదకొండు పేజీలైంది. కుట్టేవాళ్ల గురించి ఇంకా రాయాలి. వాళ్ల పేర్లు జీతాల రిజిస్టర్లలో ఎక్కడైనా ఉన్నాయేమో వెతకాలి.